గొప్పవాటిని ఎవరికొరకు?

(యౌవనస్థుల కూటములలోను, కుటుంబ ప్రార్థనలలోను చదువుకొనుటకు)

చదువవలసిన వాక్యభాగములు: యిర్మీయా 36, 45 అధ్యాయములు, దానియేలు 1వ అధ్యాయము, లూకా 14:28–30.



క్రిస్మసు పండుగనాడు మన పల్లె సంఘములలో ఒక సంగతి కొన్నియేండ్లుగా మాకు కనబడుచున్నది. గుడి రంగుకాగితములతో అలంకరింపబడును. కొత్తబట్టలు కట్టుకొని చిన్నపిల్లలు ముందు చాపలమీద కూర్చుందురు. పాటలు పాడు గుంపులో మాత్రము ఒకటి రెండు స్థలములు ఖాళీగా నుండును. హార్మోనియము వాయించు పిల్లవాడు రాలేదు. సండేస్కూలు చెప్పు అమ్మాయి రాలేదు. ఎక్కడ అని అడిగినయెడల తల్లిదండ్రులు, "పట్నంలో చదువుకుంటున్నాడు అయ్యగారూ, పరీక్షలున్నయి" అని చెప్పి మాట మార్చుదురు. పండుగనాడు పరీక్ష లేదని వారికి తెలియును, మనకును తెలియును. ఆ పిల్లవాడు రానిది చదువువలన కాదు. గుడి గుమ్మములో పదిమంది అడుగు ఒక్క ప్రశ్నకు జడిసి రాలేదు. "ఇంకా ఉద్యోగం రాలేదా?" అనునదే ఆ ప్రశ్న.

ఈ పాఠమును ఆ పిల్లవానికొరకును, అతని తల్లిదండ్రులకొరకును, ఆ ప్రశ్న అడుగు మనకొరకును వ్రాయుచున్నాము. చిన్న వయస్సులోనే గొప్ప గురి పెట్టుకొనుట మంచిదా, కాదా? మంచిదైతే దానిని ఎట్లు పెట్టుకొనవలెను? అది చేతికందని దినమున ఏమి చేయవలెను? దేవుని వాక్యము ఈ మూటికిని జవాబు చెప్పుచున్నది.

1. కోఠినుండి అశోక్ నగర్ వరకు

మా సంఘములోని ఒక సహోదరుడు తన కుమారుని చూచివచ్చుటకు హైదరాబాదు పోవుచు మమ్మును తోడు రమ్మనెను. ఆ కుమారుడు నాలుగేండ్లుగా గ్రూపు-1 పరీక్షకు చదువుచుండెను. మేము కోఠిలో బస్సు దిగితిమి. ఒకప్పుడు ఆంగ్లేయుల రెసిడెంటు నివసించిన పెద్ద మేడ అక్కడనే యున్నది. అది తరువాత స్త్రీల కళాశాలయై, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుగల మహిళా విశ్వవిద్యాలయమైనది. ఆ చుట్టుప్రక్కల వీధులలో పాతపుస్తకములు అమ్మువారు కుప్పలు పోసికొని కూర్చుందురు. అక్కడ మేము కొంతసేపు నిలిచితిమి. ఒక భూగోళ పుస్తకము తిరుగవేసి చూడగా, మొదటి పుటలో దానిని మొదట కొనినవాడు తన పేరు వ్రాసికొని, దానిక్రింద "డిప్యూటీ కలెక్టరు" అని ముందుగానే వ్రాసికొనియుండెను. అతడు ఆ ఉద్యోగము పొంది పుస్తకము అమ్మివేసెనో, పొందలేక అమ్మివేసెనో మాకు తెలియదు.

అక్కడనుండి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి చేరితిమి. నగర కేంద్ర గ్రంథాలయము ముందర, చెట్లనీడను, మెట్లమీదను, ఎక్కడ చూచినను యౌవనస్థులే. తెలంగాణములోని ప్రతి జిల్లానుండి వచ్చిన రైతుబిడ్డలు, కూలివారి బిడ్డలు అక్కడ నున్నారు. అశోక్ నగర్ వీధులలో గోడలనిండ శిక్షణ సంస్థల ప్రకటనలు, మెట్లప్రక్కన హాస్టళ్ల బోర్డులు. ఒక చిన్న గదిలో నలుగురు, ఐదుగురు. మధ్యాహ్నము ఐదు రూపాయల భోజనపు బండియొద్ద వరుస కట్టినవారిలో పట్టభద్రులు ఎందరో కలరు.

వారు ఎక్కదలచిన కొండ ఎంత ఎత్తైనదో పల్లెలోనున్న మనము తెలిసికొనవలెను. 2022వ సంవత్సరము ఏప్రిలులో తెలంగాణ రాష్ట్రమున 503 గ్రూపు-1 ఉద్యోగములకు ప్రకటన వచ్చెను. అక్టోబరులో మొదటి పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు ముందే బయటపడిన సంగతి తెలియుటచేత 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దాయెను. జూనులో మరల పెట్టిరి. సెప్టెంబరులో హైకోర్టు దానినికూడ రద్దుచేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చెను. నాలుగు లక్షలమంది దరఖాస్తు పెట్టిరి. జూనులో మొదటి పరీక్ష వ్రాసినవారు దాదాపు మూడు లక్షలు. వారిలో ముప్పదియొక్క వేలమంది అక్టోబరులో ప్రధాన పరీక్షకు కూర్చుండుటకు అర్హులైరి. 2025లో ఫలితములమీద మరల వ్యాజ్యములు నడిచి, ఆ సెప్టెంబరు నెలాఖరున ఐదువందలకు పైబడినవారికి నియామకపత్రములు అందెను.

ఈ అంకెలను నెమ్మదిగా చదువుడి. పరీక్ష వ్రాసిన ఐదువందలమందిలో ఒక్కనికైనను నిశ్చయముగా ఉద్యోగము దొరకదు. మిగిలిన నాలుగువందల తొంబదితొమ్మిదిమంది సోమరులా? వారందరును ప్రార్థన చేయనివారా? కాదు. ఒక్క చదువుకొరకు మొదటి పరీక్షను మూడుసార్లు వ్రాసినవారు వారిలో అనేకులు.

2. గొప్ప గురి పాపము కాదు

కొందరు భక్తిపరులు, "మనకెందుకు అంత పెద్ద ఆశలు? ఉన్నదానితో తృప్తిపడవలెను" అని పిల్లలకు చెప్పుదురు. సంతృప్తి గొప్ప లాభమని అపొస్తలుడు బోధించెను, నిజమే. అయితే తృప్తి వేరు, చేతులు ముడుచుకొని కూర్చుండుట వేరు. తలాంతును నేలలో పాతిపెట్టిన దాసుని ప్రభువు మెచ్చుకొనలేదు.

దానియేలును అతని ముగ్గురు స్నేహితులను చూడుడి. వారు స్వదేశమునుండి చెరపట్టబడి బబులోను పట్టణమునకు తేబడిన బాలురు. రాజు కొలువులో నిలుచుటకు మూడు సంవత్సరముల శిక్షణ వారికి నియమింపబడెను. పరాయి భాష, పరాయి శాస్త్రములు, చివరకు పేర్లుకూడ పరాయివి. ఇది అశోక్ నగర్ గదిలోని మన పిల్లల స్థితికి ఎంత దగ్గరగా నున్నదో గమనించుడి. వారు ఆ చదువును కాదనలేదు, అరకొరగా చదువలేదు. పరీక్షదినమున రాజు వారిని మాటలాడించినప్పుడు తన రాజ్యములోని జ్ఞానులందరికంటె పదంతలు మేలైనవారుగా కనుగొనెను.

కాని ఆ కథలో మొదట జరిగినది ఏది? పదంతలు కావలెనను తీర్మానము కాదు. రాజు పళ్లెములోని భోజనముచేత తన్ను అపవిత్రపరచుకొనకూడదని దానియేలు హృదయములో నిశ్చయించుకొనెను. ఎంత ఎత్తు ఎక్కవలెనో ఆలోచించుటకు ముందే ఏమి చేయకూడదో అతడు గీత గీసికొనెను. ఆ గీత చిన్నదే, ఒక పళ్లెము సంగతి. అయినను ఆ చిన్నదానిలో నిలిచినవాడు ముందు సింహముల గుహయొద్దకూడ నిలువగలిగెను.

మన పిల్లలకును అట్టి పళ్లెములు వచ్చును. "ఇంత రొక్కమిచ్చిన ఉద్యోగము ఇప్పించెదను" అని తిరుగు మధ్యవర్తి ఒక పళ్లెము. ప్రశ్నలు ముందే చూపెదనను స్నేహితుడు ఒక పళ్లెము. దరఖాస్తులో నిజముకాని మాట వ్రాయుమను సలహా మరియొక పళ్లెము. ఆకలిగొన్నవానికి ఇవి రుచిగా కనబడును. తల్లిదండ్రులారా, పొలము కుదువపెట్టి మధ్యవర్తి చేతిలో రొక్కము పోసి, కొలువును రొక్కమును రెంటిని పోగొట్టుకొన్నవారిని మేము చూచితిమి. ఆ బాట త్రొక్కకుడి.

పరిశుద్ధ గ్రంథమునకు వెలుపలనుండికూడ ఒక మాట చెప్పుదుము. మేము పాతపుస్తకములు చూచిన ఆ కోఠి ప్రాంతముననే, సుల్తాన్ బజారులో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమను గ్రంథాలయము కలదు. నైజాము పరిపాలనలో తెలుగునకు ఆదరణ లేని దినములలో, 1901లో అది స్థాపింపబడెను. దాని స్థాపకులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఒకరు. అప్పుడాయన వయస్సు ఇరువదినాలుగు సంవత్సరములు. తెలుగువారికి జ్ఞానము తెలుగులోనే అందవలెనని ఆయన గురి. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రపుస్తకములు, శాస్త్రపుస్తకములు అచ్చువేయించెను. ఆ తరువాత లోకములోని సమస్త విషయములను తెలుగులో చెప్పు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనెను. మూడు సంపుటములు వెలువడెను. అవి మూడును 'అ' అక్షరముతో మొదలగు విషయములే! 1923లో, నలుబదియారేండ్ల వయస్సున, ఆయన చనిపోయెను.

లోకపు లెక్కలో ఇది ఓటమి. అక్షరమాలలో మొదటి అక్షరమైన దాటలేదు గదా. కాని తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని అందుకొనెను. తెలుగులో విజ్ఞాన గ్రంథములు వ్రాసిన అనేకులకు ఆ మూడు సంపుటములే త్రోవ చూపెను. ఇందు మనము నేర్వవలసినదేమి? ఆయన గురి ఒక పీఠముమీద కాదు, ఒక పనిమీద నుండెను. పీఠముమీద గురి పెట్టుకొన్నవాడు పీఠము దొరకనియెడల వట్టిచేతులతో మిగులును. పనిమీద గురి పెట్టుకొన్నవాడు సగములో ఆగినను, ఆ సగము ఎవరికో ఒకరికి పనికివచ్చును.

3. బారూకునకు వచ్చిన మాట

ఇప్పుడు యిర్మీయా గ్రంథము 45వ అధ్యాయమునకు తిరుగుడి. అది అయిదే వచనములు గల చిన్న అధ్యాయము. ప్రవక్త చెప్పగా వ్రాసిన లేఖకుడైన బారూకునకు దేవుడు పంపిన వర్తమానము అందున్నది. బారూకు చదువుకొన్నవాడు, చేతివ్రాత తెలిసినవాడు. ఆ దినములలో అట్టివానికి రాజనగరులో మంచి స్థానము దొరకుట అరుదు కాదు. నేరియా కుమారుడైన శెరాయా రాజుయొద్ద అధికారిగా నుండెనని అదే గ్రంథము 51వ అధ్యాయములో చదువుచున్నాము. బారూకుకూడ నేరియా కుమారుడే. ఒకే ఇంటిలో ఒకడు అధికారి, మరియొకడు అందరు ద్వేషించు ప్రవక్త వెంట తిరుగు వ్రాతగాడు! ఆ బాధ ఎట్టిదో మన ఇండ్లలో అనేకులు ఎరుగుదురు. పండుగకు అన్న కారులో వచ్చును, తమ్ముడు బస్సులో వచ్చును, ఊరు ఇద్దరినీ ప్రక్కప్రక్కన పెట్టి చూచును.

బారూకు అలసిపోయితినని మూలిగెను. దేవుడు అతని మూలుగు వినెను. విని, నీకొరకు నీవు గొప్పవాటిని వెదకుచున్నావా, వెదకవద్దని చెప్పించెను. ఈ మాటను పట్టుకొని కొందరు గొప్ప ఆశలు పెట్టుకొనరాదని బోధించుదురు. జాగ్రత్తగా చదువుడి. అందులో బరువంతయు "నీకొరకు" అను మాటమీద నున్నది. దేవుని మాటను జనులయెదుట చదివి వినిపించుటకంటె గొప్ప పని ఆ దినములలో ఏది? ఆ గొప్ప పనిని దేవుడు బారూకు చేతినుండి తీసివేయలేదు. దానిని తనకొరకు మెట్టుగా చేసికొనవద్దనెను. దానితోకూడ ఒక వాగ్దానమిచ్చెను: అతడు ఎక్కడికి పోయినను అతని ప్రాణము అతనికి దక్కును. పదవిని వాగ్దానము చేయలేదు, ప్రాణమును వాగ్దానము చేసెను. నేడు చదువుల బరువుక్రింద, ఇక బ్రదుకెందుకని తలంచు బిడ్డలకు ఇది ఎంత అమూల్యమైన వాగ్దానమో గదా! బిడ్డలారా, మీ ప్రాణము ఏ పరీక్షకంటెను దేవునికి ప్రియమైనది. ఈ మాటను గుండెలో వ్రాసికొనుడి.

మా సహోదరుని కుమారునియొద్దకు మరల వత్తము. అతడు మమ్మును మేడమీది గదికి తీసికొనిపోయి, ఉన్న ఒక్క కుర్చీ తండ్రికి వేసెను. చాలసేపు తలవంచుకొని, "ఇంటికి ఏం ముఖం పెట్టుకొని రావాలె అయ్యగారూ?" అనెను. మేము అతనిని, "డిప్యూటీ కలెక్టరు అయినవనుకో. మరునాడు పొద్దున ఆఫీసుకు పోయి మొదలు ఏం చేస్తవు?" అని అడిగితిమి. అతడు జవాబు చెప్పలేదు. తరువాత, "ఆ మాట నన్ను ఎవ్వరూ అడగలేదు. నేనూ అనుకోలేదు" అనెను. మరికొంతసేపటికి తండ్రివైపు చూచి, "పాసుపుస్తకం కోసం నాయన తిరగని ఆఫీసు లేదు. రాసిన కాగితం చదవరాక ఎన్నిసార్లు వెనక్కి వచ్చిండో. ఆ కోపంతోనే ఈ చదువు మొదలుపెట్టిన. నడుమ అది మర్చిపోయిన" అనెను. తండ్రి పైకండువాతో కన్నులు తుడుచుకొనెను.

చూచితిరా! మొదట అతని గురి మంచిదే. చదువురానివాడు కచ్చేరి గుమ్మమునుండి వట్టిచేతులతో తిరిగి రాకూడదనునది ఆ గురి. నాలుగేండ్లలో ఆ పని జారిపోయి, పదవి పేరుమాత్రము మిగిలెను.

4. కూర్చుండి లెక్క చూచుకొనుట

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి తగులుబడి లెక్క చూచుకొనడా అని ప్రభువు అడిగెను. ఆయన వడ్లవాని ఇంట పెరిగినవాడు, కట్టడపు పని ఎరిగినవాడు. గోపురము కట్టవద్దని ఆయన చెప్పలేదు. లెక్క చూచుకొనక పునాది వేయవద్దనెను.

యౌవనస్థుడా, నీవు పెట్టె సర్దుకొనకముందు ఈ నాలుగు లెక్కలు కాగితముమీద వ్రాసి, తల్లిదండ్రులయెదుట చదువుము.

మొదటిది, ఏండ్ల లెక్క. 2024 గ్రూపు-1 ప్రకటనలో సాధారణ వయోపరిమితి 46 సంవత్సరములు. అనగా చట్టము నిన్ను ఆపదు; చదువు ముగించిన దినమునుండి ఇరువదియేండ్లకు పైగా ఆ మెట్లమీద కూర్చుండవచ్చును. అఖిల భారత సివిల్ సర్వీసు పరీక్షలో సాధారణ వర్గమువారికి ఆరు పర్యాయములే. అక్కడ చట్టమే గీత గీయును. ఇక్కడ నీవే గీసికొనవలెను. రెండేండ్లా, మూడేండ్లా? నెల, సంవత్సరము వేసి వ్రాయుము.

రెండవది, రూకల లెక్క. శిక్షణకు ఎంత, గదికి ఎంత, భోజనమునకు ఎంత, అది ఎవరి చెమట? అప్పు చేసినయెడల వడ్డీ ఎంత? చెల్లెలి చదువు ఆగిపోవునా? ఇంటిలో ఒకని గోపురమునకు మరియొకరి గుడిసె కూల్చుట న్యాయము కాదు. ముఖ్యముగా ఆడపిల్లల చదువును ఈ లెక్కలో బలిచేయకుడి. ఈ నారాయణగూడలోనే 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగు బాలికలకు పాఠశాల స్థాపించెను. ఆడపిల్లలకు తమ భాషలో ఉన్నతవిద్య అందని కాలమది. ఆయన 1951లో హైదరాబాదు నగరమునకు మొదటి మేయరు ఆయెను. పని ముందు, పీఠము తరువాత.

మూడవది, చేతిపని లెక్క. పౌలు అపొస్తలుడు సువార్త చెప్పుచు డేరాలు కుట్టెను. పరీక్షకు చదువుచు చేయదగిన పని ఏది? పిల్లలకు పాఠము చెప్పుటయా, లెక్కలు వ్రాయుటయా, దుకాణములో సగము పూట నిలుచుటయా? చేతిలో ఒక పని యున్నవానికి పరీక్ష పోయినను అన్నము పోదు, అన్నము పోనివానికి ధైర్యము పోదు.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఎవరికొరకు అను లెక్క. పదవి పేరు వ్రాయకుము. "ఫలానా వారికి ఫలానా మేలు" అని వ్రాయుము. తరువాత, ఆ మేలు చేయుటకు ఈ ఒక్క తలుపేనా, ఇంకను తలుపులున్నవా అని చూడుము.

5. కాలిపోయిన గ్రంథపు చుట్ట

లెక్కలన్నియు చూచుకొన్నను, మన చేతిలో లేనివి కొన్ని జరుగును. యిర్మీయా 36వ అధ్యాయము చదువుడి. ప్రవక్త నోట పలుకగా బారూకు సిరాతో చుట్టయంతయు వ్రాసెను. మందిరములో చదివెను. అధికారులు విని రాజునకు తెలిపిరి. చలికాలము గనుక రాజు కుంపటిముందు కూర్చుండియుండెను. మూడు నాలుగు పుటలు చదువగానే కత్తితో కోసి కుంపటిలో వేయుచు చుట్టయంతయు కాల్చివేసెను. బారూకు తప్పు ఏమి? ఏమియు లేదు. పరీక్ష వ్రాసి, ఫలితమునకు ఎదురుచూచి, అది రద్దాయెనని ఒక సాయంకాలము వినిన యౌవనస్థునికి ఈ వచనములు వ్యాఖ్యానము లేకయే అర్థమగును.

అప్పుడేమి జరిగెను? దేవుడు మరియొక చుట్ట తీసికొనుమనెను. బారూకు మరల కూర్చుండి మొదటినుండి వ్రాసెను. మొదటి చుట్టలోని మాటలన్నియు వ్రాసెను, అట్టివి ఇంకను అనేకము దానిలో చేర్చబడెను. నేడు మనము చదువునది ఆ కాలిపోయిన చుట్ట కాదు. నేర్చినది కుంపటిలో కాలదు. అన్యాయము జరిగినచోట అన్యాయమని చెప్పుట, న్యాయస్థానమును ఆశ్రయించుట తప్పు కాదు. కాని ద్వేషములో మునిగి కలము పారవేయకుడి.

అయితే ఎంతవరకు మరల మరల వ్రాయవలెను? నీవు గీసికొన్న గీతవరకు. ఆ గీత వచ్చినప్పుడు గురి విడువవద్దు, తలుపు మార్చుము. దీనికి మన సంఘ చరిత్రలోనే సాక్షి కలడు. వేదనాయగము శామ్యూలు అజరయ్య 1874లో తమిళదేశపు పల్లెలో ఒక గ్రామగురువు ఇంట పుట్టెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పట్టా చేతికి రాకుండానే ఆ చదువు ముగిసెను. ఆ కాలములో పట్టా లేనివానికి పెద్ద కొలువుల తలుపులు తెరువబడవు. ఆయన గురి కొలువుమీద లేదు. భారతీయులు తమ సొంత చేతులతో, సొంత కానుకలతో సువార్తపని చేయవలెనని ఆయన గురి. 1903లో తిరునల్వేలిలో అట్టి మిషను స్థాపించుటకును, 1905లో జాతీయ మిషనెరీ సంఘము స్థాపించుటకును ముందు నిలిచెను. అప్పటికి ఆయనకు ముప్పదియొక్క సంవత్సరములు. ఇతరులను పంపుచున్న నేను పోకుండుట ఎట్లని 1909లో తానే దోర్నకలు వచ్చెను. తమిళుడు తెలుగు నేర్చుకొనెను. ఎద్దులబండిమీద పల్లెలు తిరిగెను. 1912లో ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయెను. అక్కడి దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడెను. పట్టా రాలేదని ఆయన గదిలో తలుపు వేసికొని కూర్చుండియుంటే మన తాతముత్తాతలకు బాప్తిస్మమిచ్చినవారు ఎవరో!

6. సంఘము చేయవలసినది

ఈ పాఠము యౌవనస్థులకు మాత్రమే కాదు. సంఘ పెద్దలారా, తల్లిదండ్రులారా, మనము మూడు పనులు చేయుదము.

ఉద్యోగము వచ్చినవానిని ఆదివారమున ముందుకు పిలిచి పూలమాల వేయుచున్నాము, మంచిదే. రానివానికి మనము ఏమి వేయుచున్నాము? కనీసము ప్రశ్న వేయకుందము. "ఇంకా రాలేదా?" అనుటకు బదులు "వచ్చినవా బిడ్డా, కూర్చో, అన్నం తిను" అందము. తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడే తండ్రి లెక్కలడుగలేదు. తప్పిపోని బిడ్డను మనము లెక్కలడుగుట ఏమి న్యాయము?

పట్నములో చదువుచున్న బిడ్డల పేర్లు వ్రాసికొని, నెలకొకసారి ఎవరైనను పెద్దవారు ఫోను చేయుదురుగాక. పరీక్షసంగతి అడుగుటకు కాదు, తిన్నాడా, నిద్రపోవుచున్నాడా, ఆదివారము గుడికి పోవుచున్నాడా అని అడుగుటకు. అతని మాటలో చీకటి వినబడినయెడల ఆలసింపక వెళ్లి ప్రక్కన కూర్చుండుడి, అవసరమైతే వైద్యునియొద్దకు తోడుకొని పోవుడి.

చదివి వచ్చిన బిడ్డలకు ఊరిలో పని చూపుడి. మేము చెప్పిన ఆ పిల్లవాడు ఇంకొక్క పర్యాయము పరీక్ష వ్రాయుటకు తీర్మానించి, ఆ నెల పేరు కాగితముమీద వ్రాసి తండ్రి చేతికిచ్చెను. ఇంకను ఉద్యోగము రాలేదు. అయితే ఈస్టరునకు ఇంటికి వచ్చెను. ఆరాధన అయిన తరువాత గుడి వెనుక చింతచెట్టుక్రింద చాపవేసికొని కూర్చుండగా, పాసుపుస్తకము కాగితములు, పింఛను కాగితములు పట్టుకొని పదునాలుగుమంది వచ్చిరి. వారిలో మన సంఘస్థులు కానివారును ఉండిరి. చీకటిపడువరకు అతడు చదివి చెప్పుచు, అర్జీలు వ్రాయుచుండెను. డిప్యూటీ కలెక్టరు అయిన మరునాడు చేయవలసిన పనిని అతడు ముందే మొదలుపెట్టెను.

కాబట్టి ప్రియ యౌవనస్థులారా, గురి ఎత్తుగానే పెట్టుకొనుడి. వయస్సులో నున్నప్పుడే పెట్టుకొనుడి. ఎవరికొరకో దానిప్రక్కన వ్రాసికొనుడి. గురి మీది, త్రోవ దేవునిది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దానియేలు హృదయములో నిశ్చయించుకొన్నట్లు, నా చదువులో, నా పనిలో నేను ముట్టకూడని పళ్లెము ఏది?
2. బారూకునకు దేవుడు వద్దని చెప్పినది ఏమి? ఇచ్చిన వాగ్దానమేమి?
3. మన ఇంటిలో ఒకరి చదువుకొరకు మరియొకరి చదువు ఆగిపోయినదా? దానిని ఎట్లు సరిచేయగలము?
4. మన సంఘమునుండి పట్నములో చదువుచున్నవారు ఎందరు? గత మాసములో వారితో మాటలాడినది ఎవరు?

ప్రార్థన

పరలోకపు తండ్రీ, మా బిడ్డలకు నీవిచ్చిన తెలివికొరకు స్తోత్రములు. వారి గురిని నీ చేతిలో పెట్టుచున్నాము. తమకొరకు వెదకుటనుండి వారిని తప్పించి, పొరుగువానికొరకు వెదకుట నేర్పుము. వ్రాసినది కాలిపోయిన దినమున మరల వ్రాయు బలమునిమ్ము. తలుపు మూయబడిన దినమున మరియొక తలుపు చూపుము. గదులలో ఒంటరిగా కన్నీరు విడుచు వారి ప్రాణమును కాపాడుము. వారు ఇంటికి వచ్చినప్పుడు ప్రశ్నలు మాని వారిని చేర్చుకొను హృదయము మాకు దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.